మోరోకు ఆ ద్వీపమే ఎందుకు కావాల్సి వచ్చింది?

హెచ్.జి.వెల్స్ 1896 నవలలో, జంతువుల్ని కోసి మనుషుల్లా మార్చాలని చూసే డాక్టర్ మోరో ప్రయోగాలకు ద్వీపమే ఎందుకని అడిగారు. లండన్‌లో ఉండనివ్వలేదు కాబట్టి. తోలు ఒలిచిన కుక్క ఒకటి అతని ఇంట్లోంచి తప్పించుకోవడంతో గొడవైంది. పైగా అప్పట్లో బ్రిటన్‌లో 1876 చట్టం ప్రకారం జంతువులపై ప్రయోగాలకు లైసెన్స్ ఉండాల్సి వచ్చేది. ద్వీపంలో అడిగే నాథుడు లేడు.

ఓడ ప్రమాదంలో బతికి అక్కడికి చేరిన ప్రెండిక్, పక్క గదిలో మోరో కోస్తున్న ప్యూమా (పిల్లి జాతి పెద్ద మృగం) అరుపులు వినలేక చెవుల్లో వేళ్లు పెట్టుకుంటాడు, చివరికి బయటికి వెళ్లిపోతాడు. అదే బాధకి నోరు లేకపోతే తట్టుకునేవాణ్ణేమో అని ఒప్పుకుంటాడు కూడా! మోరో క్రూరత్వం కంటే నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో కొన్న నా పాత కాపీలో ఎవరో సరిగ్గా ఆ వాక్యం కిందే పెన్సిల్‌తో గీత గీశారు.