మేలో చదువు అయిపోతుంటే ఉద్యోగం వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

అమెరికాలో ఎమ్మెస్ చదివేవాళ్లలో చాలామంది చివరి సెమిస్టర్ సగమయ్యాక రెజ్యూమె తీస్తారు. అప్పటికే ఆలస్యం. మే నెలలో పట్టా పుచ్చుకునేవారి కోసం పెద్ద కంపెనీలు అంతకుముందు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకానే ఎక్కువగా ఎంపికలు జరుపుతాయి. యూనివర్సిటీ కెరీర్ ఫెయిర్ కూడా చాలాచోట్ల సెప్టెంబర్‌లోనే. కాబట్టి వేసవి సెలవుల్లోనే రెజ్యూమె ఒక్క పేజీకి కుదించి, కెరీర్ సెంటర్‌లో ఒకసారి చూపించుకోండి. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు ఇక్కడి రెజ్యూమెలో రాయరు.

కంపెనీలో పనిచేసే తెలిసినవారిని రిఫరల్ (మీ పేరు సిఫార్సు చేయమని) అడిగేటప్పుడు "అన్నా, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూడు" అంటే పని జరగదు. ఏ ఉద్యోగమో తెలియకుండా ఆయన మాత్రం ఎవరికి పంపుతాడు? జాబ్ నంబరు, దానికి తగ్గట్టు దిద్దిన రెజ్యూమె, మీరు ఎందుకు సరిపోతారో మూడు వాక్యాలు కలిపి పంపండి.

ఇక ఓపీటీ, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పని చేసుకునే అనుమతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. దీనికి చేతిలో ఆఫర్ ఉండనక్కర్లేదు. ఐ-20లో (విద్యార్థి హోదాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చు. కానీ డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్‌లో, అంటే ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థలో, సిఫార్సు నమోదు చేసిన 30 రోజుల్లోగా ఐ-765 దరఖాస్తు ఫారం ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. ఆ సిఫార్సుతో కొత్త ఐ-20 చేతికొచ్చాక "పరీక్షలయ్యాక చూద్దాం" అని పక్కన పెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు.

ఓపీటీ మొదలయ్యే తేదీ మీరే ఎంచుకుంటారు. ప్రోగ్రామ్ మే 15న ముగుస్తుందనుకోండి. మే 16 నుంచి జులై 14 లోపు ఏ తేదీ అయినా పెట్టుకోవచ్చు. ఓపీటీ మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. మే 16 పెడితే ఆ 90 ఆగస్టు 13తో అయిపోతాయి, జులై 14 పెడితే అక్టోబర్ 11 దాకా వస్తాయి. ఆఫర్ లేనివారికి చివరి తేదీయే మేలని నా అభిప్రాయం. ఆఫర్ ఉంటే చేరే తేదీని బట్టి పెట్టుకోండి, ఎందుకంటే ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు) మీద ఉన్న తేదీకి ముందు ఒక్క రోజు కూడా పని చేయకూడదు.

ఉద్యోగ దరఖాస్తుల్లో "ఇప్పుడు గానీ, ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?" (అంటే మీ వీసాకు కంపెనీ దరఖాస్తు పెట్టాలా?) అన్న ప్రశ్నకు హెచ్-1బీ ఉద్యోగ వీసా అవసరమయ్యేవాళ్లు "అవును" అనే రాయాలి. "కాదు" అని రాసి గట్టెక్కినా, ఆఫర్ దశలో బయటపడితే నమ్మకం పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, లేని నాలుగేళ్ల అనుభవం రెజ్యూమెలో ఎక్కించే కన్సల్టెన్సీలు. ఆ అబద్ధం మీ పేరుమీదే ఉంటుంది, హెచ్-1బీకో గ్రీన్‌కార్డుకో కాగితాలు పెట్టినప్పుడు మళ్లీ ఎదురొస్తుంది. దయచేసి ఆ గడప తొక్కకండి.

స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదువైతే ఓపీటీకి 24 నెలల పొడిగింపు ఉంటుంది. దానికి యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండి, ఐ-983 శిక్షణ ప్రణాళిక ఫారం మీద సంతకం పెట్టాలి. ఆఫర్ ఒప్పుకోకముందే హెచ్‌ఆర్‌ను ఇది అడగండి. చేరాక పది రోజుల్లో కంపెనీ పేరు, చిరునామా సెవిప్ పోర్టల్‌లో (ఓపీటీ విద్యార్థులు వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) నమోదు చేయండి. ఉద్యోగం చేస్తూనే ఈ పని మరిచిపోతే, రికార్డులో మీ రోజులు ఖాళీగానే లెక్కకు వస్తుంటాయి.