టిప్పర్లు తిరిగే రోడ్డు మీద సైకిల్ తొక్కబోయే పిల్లాడికి ముందుగా ఏం నేర్పాలి?

హైదరాబాద్ శివార్లలోని నార్సింగి వైపు టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు తెగ తిరుగుతాయని, ఇంటర్ చదివే మీ అబ్బాయి కాలేజీకి సైకిల్ మీద వెళ్తానంటుంటే భయంగా ఉందని రాశారు. హెల్మెట్ కొన్నాను, ఇంకేం చెప్పాలి అని అడిగారు. హెల్మెట్ ఉండాల్సిందే. కానీ లారీ చక్రం కింద పడితే అది ఆదుకోలేదు. ఆ చక్రం దగ్గరికే పోకుండా ఉండటం నేర్పాలి.

నేను విజయవాడలో డిప్లొమా చదివేటప్పుడు రోజూ సైకిలే. ఒకరోజు రామవరప్పాడు రింగు దగ్గర నా ముందు లారీ ఆగింది. దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య సైకిల్ పట్టేంత సందు కనిపిస్తే దూరాను. సగం దాకా వెళ్లేసరికి లారీ కదిలి ఎడమకు తిరిగింది. ముందు చక్రం నాకు దూరంగానే పోయింది. హమ్మయ్య అనుకునేలోపు వెనక చక్రాలు నా మీదికి జరుగుతూ వచ్చాయి. పొడవాటి బండి మలుపు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. అది నాకప్పుడు తెలియదు. సైకిల్ వదిలేసి ఫుట్‌పాత్ మీదికి దూకాను. నా కళ్ల ముందే వెనక రిమ్ము నలిగిపోయింది. లారీ ఆగలేదు. ఆ డ్రైవరుకు నేనున్నట్టే తెలియదు.

ఆ సైకిల్ మోసుకుని ఆటోనగర్‌లో మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన లారీ డ్రైవరు. తిడతాడనుకున్నాను. "ఎక్కరా" అని తన సీట్లో కూర్చోబెట్టాడు. షెడ్డులోంచి ఇంకో సైకిల్ తెచ్చి ఎడమ వైపు ముందు చక్రం పక్కన నిలబెట్టి, "కనపడుతోందా?" అన్నాడు. లేదు. అద్దంలోనూ లేదు. బంపరును ఆనుకుని మా తమ్ముడు నిలబడితే, పదేళ్లవాడు, వాడి జుట్టు కూడా కనపడలేదు. "నేను కుడి పక్క కూర్చుంటా, నువ్వు ఎడమ అంచున పోతావు. ఆ మూల చూసేది నేను కాదురా, క్లీనరు" అన్నాడు. క్లీనరు చేత్తో తలుపు మీద చరిస్తేనే ఎడమ పక్క సంగతి ఆయనకు తెలిసేది. ఇప్పుడు నాకు ఎదురయ్యే టిప్పర్లలో చాలావాటిలో ఆ సీటు ఖాళీగా ఉంటుంది. చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది.

లండన్ పోలీసులు సైకిల్ తొక్కేవాళ్లను ఇలాగే లారీ క్యాబిన్ ఎక్కించి చూపించే కార్యక్రమమే నడిపారు. అక్కడ 12 టన్నులు దాటిన లారీకి, డ్రైవరు సీట్లోంచి చుట్టుపక్కల ఎంత కనపడుతుందో లెక్కగట్టి పర్మిట్ ఇచ్చే పద్ధతి 2021 మార్చి నుంచి అమల్లో ఉంది. మన పిల్లలకు మనమే చూపించుకోవాలి.

కాబట్టి మీ అబ్బాయికి ఒక్కటి గట్టిగా చెప్పండి: బండి ఆగి ఉన్నా, మెల్లగా పోతున్నా, దాని ఎడమ పక్క నుంచి ముందుకు పోకూడదు. వెనకే ఆగాలి, అద్దంలో డ్రైవరు మొహం తనకు కనపడేంత దూరంలో. ఎడమకు తిరగబోయే పొడవాటి బండి ఒక్కోసారి ముందు కుడికి జరుగుతుంది. దారి ఇచ్చాడనుకుని పిల్లలు ఆ ఖాళీలో దూరతారు. తను ముందే ఆగి ఉంటే, లారీ వచ్చి పక్కన ఆగితే? మొహమాటం లేకుండా దిగి, సైకిల్‌ను ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాలి. ఆగిన లారీ నుంచి బుస్సుమని గాలి వదిలిన చప్పుడొస్తే కదలబోతోందనే అనుకోవాలి. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు.

ఆగిన సిటీ బస్సుకు కూడా ఎడమ పక్క నుంచి పోకూడదు, జనం దిగేది అటే.

రోడ్డు అంచును పట్టుకుని తొక్కనివ్వకండి. అంచున టిప్పర్ల నుంచి రాలిన ఇసుక, కంకర ఉంటాయి, టైరు జారుతుంది. అంచుకు ఒక మీటరు ఇవతల, వంకర్లు పోకుండా తొక్కాలి. పెద్ద బండి వేగంగా దాటేటప్పుడు గాలి ముందు పక్కకు నెడుతుంది, వెంటనే బండి వైపు లాగుతుంది. అప్పుడు తడబడినా ఆ మీటరు జాగా ఉంటుంది.

మీకు దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తూ కూడా గీత గీసినట్టు తిన్నగా పోవడం, ఒక చెయ్యి వదిలి సైగ చేయడం అక్కడ నాలుగు ఆదివారాలు సాధన చేయించండి. ఆ తర్వాతే రోడ్డు.

మీ వీధిలో ఇల్లు కట్టేచోట ఇసుక దించడానికి టిప్పరు వస్తే, దించాక డ్రైవరుకు టీ ఇచ్చి, ఇంజను ఆపించి, అబ్బాయిని ఐదు నిమిషాలు ఆ సీట్లో కూర్చోనివ్వమని అడగండి. మీరు సైకిల్ పట్టుకుని బండి చుట్టూ నడవండి. మీరు ఎక్కడ కనపడటం మానేస్తారో అరిచి చెప్పమనండి. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత అబ్బాయిని కిందికి దింపి ఆ గీతలు చూపించండి.