ఆఫ్రికాలో చైనా గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి పేరా చదివాను. ‘రుణ ఉచ్చు’ అన్న మాటతోనే, అంటే చైనా కావాలనే తీర్చలేని అప్పులిచ్చి ఆఫ్రికా దేశాలను లొంగదీసుకుంటోందన్న ఆరోపణతోనే మొదలుపెట్టావు. ఆ తీర్పు పక్కనపెట్టి, ముందు ఒక్క ఒప్పందం చేతిలోకి తీసుకోమ్మా.

నన్నడిగితే కెన్యాలోని మొంబాసా–నైరోబీ రైలు మార్గం పట్టుకో. దానికి 2014లో చైనా ప్రభుత్వానిదైన ఎగ్జిమ్ బ్యాంకు రెండు అప్పులిచ్చింది. ఒకటి 160 కోట్ల డాలర్లు, 2 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. రెండోదీ దాదాపు అంతే, కానీ వడ్డీ లైబర్ రేటు (లండన్‌లో పెద్ద బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే అప్పటి రేటు) మీద ఇంకో 3.6 శాతం, గడువు 15 ఏళ్లే. మొదటిది ఒక్కటే చూపిస్తే చైనా ధర్మదాతలా కనిపిస్తుంది, రెండోది ఒక్కటే చూపిస్తే వడ్డీ వ్యాపారిలా. రెండూ రాయాలి.

తర్వాత షరతులు చూడు. 2022 నవంబరులో కెన్యా ప్రభుత్వం ఈ అప్పుల పత్రాలు కొన్ని బయటపెట్టింది. వాటి ప్రకారం తగవొస్తే తేల్చేది బీజింగ్‌లోని మధ్యవర్తిత్వ సంస్థ. వడ్డీకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మొంబాసా రేవునే తాకట్టు పెట్టారన్న ప్రచారాన్ని మాత్రం కళ్లు మూసుకుని ఎత్తిరాయకు. రేవు సంస్థ ఒప్పుకున్నది రైలుకు ఇంత సరుకు అందిస్తామని, తగ్గితే ఆ డబ్బు కడతామని. అందుకే కంటైనర్లు రైల్లోనే పోవాలని నైరోబీలోని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. లారీల వాళ్ల పని పోయింది, 2019లో మొంబాసా వీధుల్లో నిరసనలు జరిగాయి. 2022లో గద్దెనెక్కిన అధ్యక్షుడు రూటో ఆ నిర్బంధం ఎత్తేశారు. సంతకం పెట్టిందీ, ఆదేశమిచ్చిందీ, వెనక్కి తీసుకున్నదీ కెన్యా పాలకులే. వాళ్లను ఏమీ తెలియని అమాయకుల్లా చిత్రించకు, అది ఆ దేశాన్ని చిన్నబుచ్చడం.

జాంబియా ప్రస్తావన తెస్తే, 2020 నవంబరులో అది కట్టలేకపోయింది యూరోబాండ్ల (విదేశీ మదుపరులకు డాలర్లలో అమ్మిన రుణపత్రాల) వడ్డీ అని గుర్తుంచుకో. చైనా అప్పూ పెద్దదే, కానీ అదొక్కటే కాదు. అక్కడివాళ్లకు చైనా కొత్త చుట్టమూ కాదు. జాంబియా రాగిని అప్పట్లో తెల్లవాళ్ల పాలనలో ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీదుగా కాకుండా సముద్రానికి చేర్చేందుకు టాంజానియా దాకా 1,860 కిలోమీటర్ల రైలు మార్గం వేస్తామంటే పాశ్చాత్య దేశాలు ముందుకు రాలేదు. 1970–75 మధ్య చైనా వేసిపెట్టింది, వడ్డీ లేని అప్పుతో. ఈ జ్ఞాపకాన్ని వదిలేస్తే ఇప్పటి స్నేహం నీకు అర్థం కాదు.

చైనా–ఆఫ్రికా శిఖరాగ్ర సభల అంకెలతో జాగ్రత్త. 2024లో బీజింగ్ ఆఫ్రికాకు మూడేళ్లకు 36,000 కోట్ల యువాన్లు ప్రకటించింది. ప్రకటించింది వేరు, ఖజానాకు చేరింది వేరు.

అచ్చుకిచ్చే ముందు కెన్యా పాత్రికేయులెవరికైనా చూపించు. వాళ్లు తప్పంటే, నా మాట కాదని వాళ్ల మాటే విను.

పెదనాన్న