ఇంగ్లిష్‌లో భవిష్యత్ కాలాన్ని, రోజువారీ మాటలను ఇంట్లోనే సాధన చేయడం ఎలా?

వ్యాకరణ పట్టికలు పక్కన పెట్టి, రేపు మీకు నిజంగా ఉన్న పనుల గురించి ఈ రాత్రే పైకి మాట్లాడండి. నెల్లూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లిష్ చెబుతుంటాను కనుక ఈ మాట గట్టిగానే అంటున్నాను.

మా బావగారికి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. మేనల్లుడికి విల్, షల్ పట్టికలన్నీ కంఠతా వచ్చినా, నోరు తెరిస్తే ప్రతి వాక్యంలోనూ విల్ తప్ప మరొకటి పలికేది కాదు. అక్టోబరులో ఒక సాయంత్రం వాణ్ని గట్టు మీది షెడ్డులో కూర్చోబెట్టి, కంటికి కనిపించేవీ మరునాడు జరగవలసినవీ మాత్రమే చెప్పమన్నాను. తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి. కొనేవారితో రేటు కుదిరింది, వల లాగేవాళ్లకు కబురు వెళ్లింది. ఇలా ఏర్పాట్లన్నీ అయిపోయిన పనిని ‘వుయ్ ఆర్ హార్వెస్టింగ్ టుమారో’ అనాలని ఒక్కసారి చెబితే పట్టుకున్నాడు. సముద్రం వైపు నుంచి నల్లటి మబ్బు కమ్ముకొస్తుంటే ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అని తానే అన్నాడు. కళ్లెదుట ఆనవాలు ఉన్నచోట గోయింగ్ టు పడుతుందని నేను వివరించే లోపే కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య తట్టుకోలేదు కనుక అక్కడ ఆలోచనకు వ్యవధి ఉండదు. ‘ఐ విల్ స్టార్ట్ ది జనరేటర్, మామా’ అంటూ వాడు చీకట్లోనే పరుగెత్తాడు. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయానికి విల్ ఎంత సహజంగా వస్తుందో ఆ క్షణం చెప్పినట్టు ఏ నల్లబల్లా చెప్పలేదు.

మాటల విషయంలో నాకొక బాధ ఉంది. వేలకు వేలు ఫీజు తీసుకునే కోచింగ్ సెంటర్లు జిరాఫీలు, స్ట్రాబెర్రీలు ఉన్న జాబితాలు చేతికిస్తాయి. వాటిని అప్పజెప్పే పిల్లవాడికి బియ్యం కడగడం, తాడు బిగించడం, మేత చల్లడం ఇంగ్లిష్‌లో చెప్పడం రాదు. నిజానికి వస్తువుల పేర్లు మనకు సగం వచ్చినవే. చదువురాని రైతు కూడా చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం), ఫీడ్ (మేత), కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలనే లెక్క) అంటూనే ఉంటాడు. లోటంతా క్రియలలోనే ఉంది కనుక పుల్, పోర్, వెయ్, లోడ్, రిన్స్, టై వంటి వాటిని ముందు పట్టండి. పట్టుబడి రోజు మా వాడు ఐసు పోస్తూ, తూకం వేస్తూ, వ్యానుకెత్తుతూ ఇవన్నీ వాడాడు.

బస్సు, రైలు వేళలకు మామూలు వర్తమానమే సరిపోతుంది. ‘ది బస్ లీవ్స్ ఎట్ సిక్స్’ అంటే చాలు. మీరు రాత్రి భోజనమయ్యాక, కుదిరిపోయిన పని ఒకటి, మనసులో అనుకున్నది ఒకటి, బస్సు వేళ ఒకటి పైకి చెప్పండి. మరునాటి రాత్రి వాటిలో ఏది జరిగిందో, ఏది తప్పిపోయిందో ఇంట్లో వాళ్లకు చెబితే భూతకాలం సాధన కూడా అక్కడే అవుతుంది.