సందేహాలు – సమాధానాలు: ‘రాబోతోంది’, ‘రానున్నది’, ‘వస్తుందట’

ప్రశ్న: మేము అనంతపురంలో బుల్లెట్ బండ్ల మీద మోజున్న మిత్రులం. ఏటా నవంబరులో మిలాన్ మోటారుసైకిళ్ల ప్రదర్శన దగ్గరపడే కొద్దీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఏ కొత్త మోడళ్లు తెస్తుందోనని ఊహలు రాసుకుంటూ ఉంటాం. ఒకరు ‘750 సీసీ హిమాలయన్ రాబోతోంది’ అని రాస్తే, మరొకరు ‘రానున్నది’ అంటారు, ఇంకొకరు ‘వస్తుందట’ అని ఊరుకుంటారు. వీటిలో తేడా ఏమైనా ఉందా? ‘రాబోతోందట’ అని రెండూ కలపవచ్చా? మేము మాటల్లో అనే ‘వస్తాదంట’ తప్పా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తేడా ఉంది, అది చిన్నదేమీ కాదు. ఈ రూపాలన్నీ జరగవలసిన సంగతినే చెబుతాయి గాని, ఆ సంగతి రాసేవారికి ఎలా తెలిసిందో, దానికి వారు ఎంతవరకు పూచీ పడుతున్నారో ఒక్కొక్క రూపం ఒక్కొక్క విధంగా బయటపెడుతుంది. మీ ముగ్గురు మిత్రులు ఒకే వార్త రాశామనుకుంటున్నారు కాని, నిజానికి మూడు వేర్వేరు వాక్యాలు రాశారు.

‘రాబోవు’ అనేది ‘రా’ మీద ‘పోవు’ చేరగా వచ్చిన రూపం. పని ఇంకా మొదలు కాకపోయినా అది ఆరంభమయ్యే అంచున ఉందని ఇందులోని భావం. నిండుగా కమ్మిన మబ్బును చూసి ‘వాన రాబోతోంది’ అంటాం. అయితే అనంతపురంలో ఆ మాట అనే ముందు పెద్దలు మరొక్కసారి ఆకాశం వంక చూస్తారు. బండి విషయంలోనూ అంతే. విడుదల తేదీ దగ్గరపడి, షోరూములలో బుకింగులు మొదలైనప్పుడు ‘రాబోతోంది’ అనడం సబబు. ఎక్కడో ఒక బొమ్మ చూసి అనడం తొందరపాటు.

‘రానున్నది’ అన్నప్పుడు దగ్గరితనం కంటే ఏర్పాటు ప్రధానం. వచ్చేటట్లుగా నిర్ణయం జరిగి ఉన్నదని దాని తాత్పర్యం కనుక, కంపెనీ తానుగా ప్రకటించిన దానికే అది తగుతుంది. ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 బండ్లను రాయల్ ఎన్‌ఫీల్డ్ 2017 నవంబరులో మిలాన్‌లో చూపించి, 2018 నవంబరులో మన దేశంలో విడుదల చేసింది. మధ్యనున్న ఆ ఏడాదిలో ‘రానున్నవి’ అని రాసినవారిది నిర్దుష్టమైన ప్రయోగం. అదే 2018లో, అదే ప్రదర్శనలో 838 సీసీ వీ-ట్విన్ (‘వి’ ఆకారంలో రెండు సిలిండర్లున్న) ఇంజనుతో కేఎక్స్ అనే బండిని కూడా నిలబెట్టారు. అది నమూనాగా పెట్టిన బండి, అమ్మకానికి సిద్ధం చేసినది కాదు. దానిని చూసి ‘రానున్నది’ అని ఎవరైనా రాసి ఉంటే, ఆ మాట నేటికీ నెరవేరలేదు. అలాగని నమూనాలన్నీ అక్కడే ఆగిపోవు. 2021లో చూపిన ఎస్‌జీ 650 కొన్ని మార్పులతో 2024లో షాట్‌గన్ 650గా రోడ్డెక్కింది. ఇటూ అటూ జరగడానికి వీలున్న ఇటువంటి చోట ‘రావచ్చు’ అనడమే ఉచితం, అవసరమైతే ‘రాకపోవచ్చు’ అని కూడా రాయడానికి వెనుకాడనక్కర లేదు.

ఇక ‘అట’. ఇది అనుమానాన్ని చెబుతుందని చాలామంది పొరబడుతున్నారు. ‘మా మేనమామ కొడుక్కి కర్నూలులో ఉద్యోగం వచ్చిందట’ అన్నవాడు శంకిస్తున్నాడా? లేదు, సంతోషిస్తున్నాడు, తాను స్వయంగా చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని మాత్రమే తెలియజేస్తున్నాడు. అనుమానం చెప్పాలంటే ‘వస్తుందేమో’ అనే రూపం వేరే ఉన్నది. కాబట్టి మెకానిక్ చెప్పినదైనా, డీలరు చెప్పినదైనా, విన్న మాటకు ‘వస్తుందట’ అన్నదే సరైన రూపం. మీ మూడో మిత్రుడు ఊరుకోలేదు, జాగ్రత్తపడ్డారు.

కళ్లతో చూసినదాన్ని బట్టి ఊహించినప్పుడు ‘అట’ పనికిరాదు. చెన్నై దగ్గర ఒరగడంలో ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. ఆ చుట్టుపక్కల రోడ్డు మీద ఆకారం పోల్చుకోవడానికి వీల్లేకుండా ముసుగు వేసిన పరీక్ష బండి మీలో ఒకరికి ఎదురైందనుకుందాం. సైలెన్సర్లు రెండున్నాయని, చక్రానికి పుల్లలు (స్పోకులు) ఉన్నాయని గమనించి రాసేటప్పుడు ‘రెండు సిలిండర్ల హిమాలయన్ వచ్చేటట్లుంది’ అనాలి. ఆనవాలు మీది, ఊహ మీది అని ఆ ఒక్క క్రియే చెబుతుంది. పత్రికలలో కనిపించే ‘అంచనా వేయబడుతోంది’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ వంటివి ఎవరి అంచనాయో, ఎవరి మాటో చెప్పకుండా దాటవేస్తాయి. వాటిని నేను సిఫారసు చేయను.

‘రాబోతోందట’ నిస్సంకోచంగా రాయవచ్చు. ‘రాబోతోంది’ అన్నంత ధీమా చెప్పినవారిది, ‘అట’ మీది. ‘రావచ్చట’ కూడా సాధువే, ఇతరుల ఊహను మీరు అందించినప్పుడు. ‘రానున్నదేమో’ మాత్రం కుదురుగా లేదు: ఏర్పాటు జరిగి ఉన్నదని చెబుతూ, అదే నోటితో అదీ తెలియదనడం అవుతుంది.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. అసలు చిక్కు క్రియతో కాదు, ‘రాబోయే హిమాలయన్ 750 ధర ఎంత?’ వంటి శీర్షికలతో వస్తుంది. వాక్యం చివరి క్రియకు ‘అట’ను, ‘ఏమో’ను తగిలించగలం గాని, ‘రాబోయే’ అనే విశేషణానికి తగిలించలేం. అందువల్ల ఆ విశేషణం పెట్టిన మరుక్షణం బండి రావడం రూఢి అయిపోయి, పాఠకుడి దృష్టి ధర మీదికి మళ్లుతుంది. ‘వస్తుందంటున్న హిమాలయన్ 750’ అని రాస్తే కాస్త పొడుగవుతుంది కాని, చెప్పవలసినదే చెబుతుంది.

‘వస్తాదంట’ తప్పు కాదు. పాత కావ్యాలలో ఈ మాటను అరసున్నతో ‘అఁట’ అని రాసేవారు. మన సీమ నోట వినిపించే ‘అంట’లో ఆ అనునాసికమే నిండు సున్నగా పలుకుతోంది. మీలో మీరు రాసుకునే ఊహలలో ‘వస్తాదంట’ నిక్షేపంగా ఉండవచ్చు. పత్రికకు పంపే వ్యాసంలో ‘వస్తుందట’ అని రాయండి.