‘గ్లోరియాస్ స్టెప్’ మధ్యలో శబ్దం పోతోందంటే డిస్కు తప్పు కాదు

బిల్ ఎవాన్స్ ట్రయో జాజ్ సీడీలో ‘గ్లోరియాస్ స్టెప్’ అనే బాణీ మధ్యలో శబ్దం ఆగిపోతోందా? మీ డిస్కు బాగానే ఉందండి, వెనక్కి పంపకండి. పియానో వాయించే ఎవాన్స్, బేస్, డ్రమ్స్ వాయించే మరో ఇద్దరు కలిసిన ఈ ట్రయో 1961 జూన్ 25న న్యూయార్క్‌ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు సెట్లు (విడతలు) వాయించింది. మొదటి సెట్లో ‘గ్లోరియాస్ స్టెప్’ వాయిస్తుండగా కరెంటు పోయి టేపులో ఆ ఖాళీ పడింది. అందుకే పాత ఎల్పీలో రెండో టేక్, అంటే అదే బాణీని మళ్లీ వాయించిన రికార్డింగ్ వేశారు. 2005లో వచ్చిన మూడు సీడీల పూర్తి సంకలనంలో మొదటి టేక్‌ని ఉన్నదున్నట్టు పెట్టారు.

అనుమానం తీరాలంటే అదే టేక్ స్ట్రీమింగ్‌లో వినండి, సరిగ్గా అక్కడే పోతుంది. మురికి పట్టిన, గీత పడిన డిస్కైతే టక్‌టక్‌మంటుంది, లేదా ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మురికైతే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా రుద్దితే ఇంకా పాడవుతుంది.

గ్లాసుల చప్పుడు, మాటలు తగ్గించాలని ట్రెబుల్ (సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు) మాత్రం తగ్గించొద్దు. డ్రమ్మర్ పాల్ మోషన్ సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) మీద బ్రష్ రాసే సన్నని సవ్వడి కూడా దాంతోపాటే పోతుంది. హెడ్‌ఫోన్లో స్కాట్ లఫారో వాయించిన బేస్ వినండి: తాళం కట్టి ఊరుకోకుండా పియానోకి జవాబిస్తూ ఉంటుంది. లఫారో ఆ ఏడాదే జూలై 6న కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్లకే.