ఆ జిప్ ఫైల్ సంగతి రాయలేదేం?

తమ్ముడూ,

ఆఫీసు కంప్యూటర్లన్నిటి యాంటీవైరస్‌ను ఒకేచోట నుంచి నడిపే సిమాంటెక్ ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ మేనేజర్‌ను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చడం గురించి తెలుగులో రాశావు, సంతోషం. కానీ మూడో పేజీలో "డేటాబేస్ బ్యాకప్ తెచ్చి రీస్టోర్ చేస్తే పని అయిపోతుంది" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

పన్నెండేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. శనివారం రాత్రి రీస్టోర్ చేశాను. కన్సోల్ తెరుచుకుంది. గ్రూపులు, పాలసీలు అన్నీ ఉన్నాయి. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను. సోమవారం పొద్దున చూస్తే 280 కంప్యూటర్లలో ఒక్కదాంట్లోనూ ఆ పసుపు షీల్డ్ మీద ఆకుపచ్చ చుక్క లేదు, అంటే ఒక్కటీ సర్వర్‌తో కలవడం లేదు. పాత సర్వర్ సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు కార్డు లాంటిది, నేను తేలేదు. అది లేని సర్వర్‌ను క్లయింట్లు, అంటే ఆ కంప్యూటర్లలోని సిమాంటెక్ ప్రోగ్రాములు, నమ్మవు. పాత డిస్కు అప్పటికే ఫార్మాట్ చేసేశాం. మూడు రోజులు పెన్‌డ్రైవ్ పట్టుకుని సీటు సీటుకూ తిరిగి, ఏ సర్వర్‌తో మాట్లాడాలో క్లయింటుకు చెప్పే సైలింక్ ఫైల్ మార్చాను. "మళ్లీ వైరస్ వచ్చిందా బాబూ?" అని అకౌంట్స్‌లో ఒకావిడ అడిగితే నోట మాట రాలేదు.

'సర్వర్ ప్రైవేట్ కీ బ్యాకప్' ఫోల్డర్‌లో రికవరీ అని మొదలయ్యే పేరుతో ఒక జిప్ ఫైల్ ఉంటుంది. సర్టిఫికెట్లు, డొమైన్ ఐడీ అన్నీ అందులోనే. నీ వ్యాసం అక్కడే మొదలవ్వాలి. ఐపీ మారుతుంటే, పాతది నడుస్తుండగానే మేనేజ్‌మెంట్ సర్వర్ లిస్టులో కొత్త అడ్రసు చేర్చాలి. అది క్లయింట్లన్నిటికీ చేరేదాకా పాతదాన్ని ఆపకూడదు. సెలవులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లు కూడా లెక్కే.

అప్పట్లో నేనిదంతా రాసి ఒక పత్రికకు పంపితే, సంపాదకుడు "పాఠకుడికి విసుగు" అని సరిగ్గా ఈ పేరానే కోసేశాడు. సర్వర్‌ను 'సేవకయంత్రం' చేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఇప్పుడేమో అందరిదీ 'ఐదే స్టెప్పుల్లో' గోల, నీ శీర్షికా అదే. ఆరో స్టెప్పులో దెబ్బ తినేవాడి సంగతి ఎవరు రాస్తారు? అర్ధరాత్రి సర్వర్ రూములో ఒక్కడే కూర్చుని, టెన్షన్‌తో నీ వ్యాసం తెరిచే కుర్రాడి కోసం రాయి. చేయి ఎక్కడ తడబడుతుందో అక్కడ రెండు పేజీలు పట్టినా సరే. ఇన్‌స్టాల్ బొమ్మలు తీసెయ్, అవి ఎవరైనా నొక్కుకుంటూ పోతారు.

ఇంకా ఏవేవో అడిగావు, తర్వాత చూద్దాం. ముందు ఒక టెస్ట్ మెషీన్‌లో మేనేజర్ పెట్టి, ఒక క్లయింటును కలుపు. ఆ జిప్ లేకుండా ఒకసారి, దాంతో ఒకసారి మార్చి చూడు. ఆకుపచ్చ చుక్క ఎప్పుడు పోయిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో టైముతో సహా రాసుకుని, మూడో పేజీ మళ్లీ రాసి పంపు.

నీ అన్నయ్య